ఎర్ర గీత మందం

నేను ట్రేసర్ని.
కాలవల శాఖలో ముప్పై నాలుగేళ్లు
గోదారి పాయల్ని గుడ్డ పటాలమీదకి ఎక్కించినవాణ్ణి.
నా వేళ్లలోంచి పోయిన నల్ల సిరాతో
ఒక చిన్న బోదె పారించొచ్చు.

రిటైరయ్యాక మళ్లీ పిలిచారు.
పాత పటాలన్నీ కంప్యూటర్లోకి పోవాలంట,
ఏ మడత ఎక్కడిదో చెప్పడానికి
ఒక ముసలాడు కావాలంట.

అమలాపురం ఆఫీసులో, తలుపు పడని బీరువా పక్కన,
లోవకుమారి అని తుని వైపు పిల్ల.
కాంట్రాక్టు జీతం, మూడు నెలల బకాయి.
నా పటానికి నాలుగు మూలలా నాలుగు లాకులు గుర్తుపెట్టి
ఉపగ్రహం తీసిన ఫొటోమీద కూర్చోబెట్టింది.
ఆ పైన మురుగు శాఖ వాళ్లది,
ఆ పైన పంచాయతీ వాళ్లది,
పూతరేకుల్లా పొరమీద పొర.
ఒకే కాలవకి మూడు పేర్లు తేలాయి.
మాకది నాలుగో నంబరు బ్రాంచి.
మురుగోళ్ల పుస్తకంలో ఇంకేదో.
ఊళ్లో మాత్రం గేదెల కాలవ.

తర్వాత అర్జీలు.
పదకొండేళ్లవి, అట్టపెట్టెలో, కొన్ని ఎలక కొట్టినవి.
ఒక్కోదానికి ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయింది.
రిజిస్టర్లో అవి తేదీల వరసన బుద్ధిగా నిలబడ్డాయి.
పటంమీదకి రాగానే
బెల్లపు గోనెమీద గండుచీమల్లా
ఒక్కచోటే ముసిరాయి.
కొసమెరక శివారు.

అందులో ఆరు, పిల్లి నూకరత్నంవి.
రెండెకరాల కౌలు.
దాళ్వాలో, పొట్టకొచ్చిన చేనుకి తడి లేదని.
ఆరిటికీ మేం జవాబిచ్చాం.
మూడుసార్లు ఈ సెక్షను: మా పరిధిలోనిది కాదు.
మూడుసార్లు ఆ సెక్షను: మా పరిధిలోనిది కాదు.
టైపు చక్కగా ఉంది. ఒక్క అక్షరదోషం లేదు.

మర్నాడు లస్కరు ఏసుపాదం గట్టెమ్మట బయల్దేరాడు,
చేతిలో కర్ర, జేబులో ఆఫీసు సెల్లు.
అతను నడిచినంతమేరా తెరమీద
ఒక నీలం దారం సాగుతూ వచ్చింది.
గుర్రపుడెక్క దగ్గర తచ్చాడింది,
తాటిదుంగ వంతెన దగ్గర వంగింది,
ఒకచోట ఇంక కదల్లేదు.

"పాత తూముందండి ఇక్కడ. తలుపు సగం లేదండి.
నీళ్లన్నీ మురుక్కాలవలోకి పోతన్నాయి.
నేనెప్పుడూ దీన్ని ముట్టుకోలేదండి,
నా బీటు మైలురాయి దాకానే."
అవతలివాడి బీటు కొబ్బరితోట నుంచి మొదలు.

లోవకుమారి తెరని పెద్దది చేసింది.
ఇంకా పెద్దది చేసింది.
రెండు సెక్షన్ల సరిహద్దు
ఎర్రగా, రోడ్డంత వెడల్పున పరుచుకుంది.
"మాస్టారూ, ఈ గీత మందం
నేలమీద ముప్పై ఒక్క మీటర్లండి."
తూము ఆ ఎరుపులో ఉంది.

చాలాసేపు నేను నోరు మెదపలేదు.
ఆ గీత నాది.
మే నెల. కరెంటు లేదు. భోజనాలైన వేళ.
బయట జీపులో డీఈ గారి హారను.
పెన్సిలు మొన అరిగి మొద్దుబారింది,
బ్లేడు కోసం సొరుగు తీయబుద్ధి కాలేదు.
బద్ద పెట్టి ఒక్క లాగు లాగాను.
"బాగుందయ్యా, దూరానికి కూడా కనపడతంది"
అన్నారాయన.

ఇద్దరు ఏఈలూ వచ్చి తెరముందు కూర్చున్నారు.
వాదించడానికి ఫైళ్లు తెచ్చుకున్నారు,
విప్పలేదు.
లోవకుమారి నాకు మౌసిచ్చింది.
"ఇందులో గీతకి మందం ఉండదండి,
ఎంత దగ్గరకెళ్లినా వెంట్రుకే."
చెయ్యి వణికింది. రెండుసార్లు తప్పిపోయింది.
మూడోసారి తూముకి అవతలగా గీశాను.

కొత్త తలుపు టెండర్లో ఉంది.
ఏసుపాదం ప్రస్తుతానికి ఇసక బస్తాలు వేశాడు.

ఏడో అర్జీ పట్టుకుని నూకరత్నం వచ్చింది.
కుర్చీ వేసి, తెరమీద ఆవిడ చేను చూపించాం.
చుట్టూ పచ్చ, నడుమ గోధుమరంగు మరక.
దగ్గరికి వంగి వేలు పెట్టింది.
"ఇది నిరుటిదండి. ఎండిపోయినప్పటిది."
కాసేపాగి,
"అంత పైనున్నోడికి కూడా అవుపించిందన్నమాట"
అంది.